ఇల్లు నవల చదివించిన మేడం

ఫోన్ వచ్చినప్పుడు నేను హబ్సిగూడలో మా జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నాను. క్లాసులో ఫోన్ తీసే అలవాటు లేదు. ఆగకుండా మోగేసరికి వరండాలోకి వచ్చి తీశాను. నాచారంలో మా మేడం అద్దెకుండే ఇంటి ఓనర్ మాట్లాడుతున్నారు. పొద్దున మేడంకు ఛాతీలో నొప్పి వస్తే ఆయనే తన కారులో ఉప్పల్‌లో ఒక దవాఖానాకు తీసుకుపోయారట.

"మేడం మనకు లేదమ్మా," అన్నారు. "తమ్మునికి చెప్పిన. జనగామకెల్లి బయలుదేరిండు. ఆయన వచ్చేదాక మేడంను..." అని ఆగిపోయారు.

ఆ ఆగడం నాకు కొత్త కాదు. మిగతా సగం మాట నాకు తెలుసు. ఆ సగం మాట గురించే నేను మా మేడం దగ్గర ఒక ఏడాదంతా చదువుకున్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మా వైపు అద్దెకుండేవాళ్లు దవాఖానాలో చనిపోతే ఆ మనిషిని తిరిగి ఆ ఇంట్లోకి తీసుకురానివ్వరు. అలా అని ఎక్కడా రాసి ఉండదు. ఇల్లు చూపించేటప్పుడు ఎవరూ చెప్పరు. కానీ అందరికీ తెలుసు. ఇంటికి కీడు అంటారు, పై పోర్షన్ వాళ్లు భయపడతారంటారు. గేటు బయట రోడ్డు వారగా టెంటు వేసి అక్కడే ఉంచుతారు. లేదంటే నేరుగా శ్మశానానికే.

మేడం మాకు ఎం.ఏ. తెలుగు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో నాచారంలో రెండు గదుల పోర్షన్‌లో దిగి, చివరిదాకా అందులోనే ఉన్నారు. ఇల్లు కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అంటే, "ఓనర్లంటే నాకు భయం లేదు. నేను ఓనరైతే ఎట్లుంటనో అని భయం," అని నవ్వేవారు. క్లాసులో ఆమె మాట జనగామ మాటే. బోర్డు మీద రాసేటప్పుడు మాత్రం పుస్తకం భాష. "నోటికి అమ్మ నేర్పింది, చేతికి బడి నేర్పింది. రెండూ ఇయ్యాల్టిదాక కొట్లాడుకోలే," అనేవారు.

నేను చేరిన ఏడాది ప్రాజెక్టు దేనిమీద చేస్తారని ఒక్కొక్కరినీ అడిగారు. ఒకరు శతకాలన్నారు, ఒకరు స్త్రీల పాటలన్నారు. నా వంతు వచ్చింది. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. అమ్మ నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఇంట్లో పుస్తకాలుండేవి కావు, టీవీ ఉండేది. దాంట్లో నాకు బాగా తెలిసింది ఒకటే. లోగొంతుతో, "దయ్యాల సినిమాలు మేడం," అన్నాను.

క్లాసంతా నవ్వింది.

"నవ్వుతున్నరేంది?" అన్నారు మేడం. "దయ్యమంటే భయం లేనోళ్లు చేతులెత్తున్రి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"మరి గింతమందికి తెలిసిన సంగతి మీద ఒక పిల్ల రాస్తనంటే నవ్వెందుకు?"

మరుసటి రోజు అట్ట ఊడిపోయిన పాత నవల ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. దాన్ని ఈమధ్యే సినిమా తీశారని, ఇంకా థియేటర్లలో ఉందని చెప్పారు. "మొదలు నవల చదువు. నీలో నువ్వు చదువుడు కాదు, ఇంట్ల ఎవరికన్న పైకి చదివి వినిపియ్యి. ఆ విన్నోళ్లతోనే సినిమాకు పోవాలె." అది ఆమె పద్ధతి. ఏ విద్యార్థికైనా అంతే. చదివినవాళ్లు ఒకరు, విన్నవాళ్లు ఒకరు ఉంటేనే పోల్చడం కుదురుతుందనేవారు. ఒక్కరే రెండూ చేస్తే సొంత ఊహనే రెండుసార్లు చూసుకున్నట్టవుతుందట.

ఆ నవలను మేమిద్దరం చివరిదాకా 'ఇల్లు నవల' అనే పిలుచుకున్నాం. అసలు పేరు చెబితే అది ఏదో పుస్తకంలోని ఇల్లయిపోతుంది, చెప్పకపోతే ఎవరిల్లయినా కావచ్చు అని మేడం మాట. కథ చిన్నదే. ఒక గుమాస్తా కుటుంబం పట్నంలో ఒక ఇంటి వెనుక పోర్షన్‌లోకి అద్దెకు వస్తుంది. రోజూ దీపాలు పెట్టే వేళకు గేటు గొళ్లెం ఎవరో తీసిన చప్పుడవుతుంది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. అంతకుముందు అద్దెకున్న ఆవిడ కాన్పులో దవాఖానాలో పోయిందని, ఓనర్ లోపలికి రానివ్వక ఆమెను గేటు దగ్గరి నుంచే తీసుకుపోయారని మెల్లగా తెలుస్తుంది. నవలంతటిలో ఆ దయ్యం ఒక్కసారి కూడా గడప దాటదు. ఎవరినీ ఏమీ చేయదు. వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది, అంతే. చివరి పేజీలో గుమాస్తా భార్య గేటు పూర్తిగా తెరిచి, "లోపలికి రా తల్లీ," అంటుంది. మరునాటి నుంచి చప్పుడుండదు.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే నేను పక్కన కూర్చుని చదివేదాన్ని. మధ్యలో ఒకచోట అమ్మ చెయ్యి ఆగింది. "జర రానియ్యరాదే ఆమెను," అంది, ఎవరో ఎదుటివాళ్లతో అన్నట్టు.

సినిమాకు మేమిద్దరం పోదామనుకున్నాం. మేడం కూడా వస్తానన్నారు. ఉప్పల్‌లో మ్యాట్నీ. మేడంతో పక్కపక్కన కూర్చోవాలంటే అమ్మకు మొహమాటం. కానీ తెర మీద ఆ బంగళా కనిపించగానే అన్నీ మరిచిపోయింది. నవలలోని వెనుక పోర్షన్ సినిమాలో రాజుల కాలం నాటి మేడ అయింది. వంపు తిరిగిన మెట్లు, గాజు దీపాల గుత్తులు, గోడ నిండా పటాలు.

"గింత పెద్ద ఇల్లు ఎవరు ఊడుస్తరు మేడం?" అంది అమ్మ.

"గందుకే దయ్యం బట్టింది," అన్నారు మేడం.

ఇద్దరూ నవ్వుతుంటే ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. "నువ్వు ముందు చూడు నాయినా, వెనక దయ్యాలేం లేవు," అన్నారు మేడం. ఆ తర్వాత ఇంటర్వెల్ దాకా ఆయన కదల్లేదు.

సినిమాలో కుటుంబం అద్దెకు రాలేదు. ఆ బంగళా వాళ్లకు వారసత్వంగా వచ్చింది. దయ్యం గేటు దగ్గర ఆగదు. మొదటి నుంచీ ఇంట్లోనే, అద్దాల్లో, మెట్ల కింద ఉంటుంది. ఒకప్పుడు ఆ ఇంటి పెద్ద చంపించిన మనిషి అది. పగ తీర్చుకోవడానికి వచ్చింది. చివరకు మంత్రగాడు వస్తాడు, ఇల్లు తగలబడిపోతుంది. నాకు కోపం వచ్చింది. బయటికి రాగానే, "నవలను పాడు చేసిన్రు మేడం," అన్నాను.

"ఏది గొప్పదని అడగకు. ఏది ఎందుకు మారిందో అడుగు," అన్నారు. "ఇంకొకటి. నవలకు చేతగానిది సినిమా ఏం చేసిందో ఒక్కటన్న దొరకబట్టు. అది దొరకకపోతే నువ్వు సినిమా చూడలేదన్నట్టే."

అది దొరకడానికి నాకు చాలా రోజులు పట్టింది. నవలలో గొళ్లెం అనే మాట ఎన్నోసార్లు వస్తుంది. చదివి చదివి అది మాటగానే మిగిలిపోతుంది. సినిమాలో ఒకే ఒక్కసారి, సంగీతం అంతా ఆపేసి, ఖాళీ తెర మీద ఇనుప గొళ్లెం జారిన చప్పుడు వినిపించారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ చప్పుడు నవల రాసినాయన మనసులో ఉండి ఉంటుంది, కానీ కాగితం మీద మోగలేదు. ఈ సంగతి చెబితే మేడం నా పేపర్ చివర పెన్సిల్‌తో 'విన్నావు' అని రాశారు. ఆమె దగ్గర అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

క్లాసులో సెమినార్ ఇచ్చిన రోజు మాత్రం నేను ఒక తప్పు చేశాను. సినిమాలో ఒక ముసలాయన ఉంటాడు. బంగళాకు కాపలాదారు. నేను ఆయన్ని ఇంటి ఓనర్ అనుకున్నాను. 'నవలలో లాగే సినిమాలోనూ ఓనర్ ఉన్నాడు' అని చదివాను. క్లాసంతా గొల్లున నవ్వింది. "ఆయన వాచ్‌మెన్ కదే," అన్నారు ఎవరో. కాగితాలు మడిచేయబోయాను.

మేడం నవ్వలేదు. "ఆగు. ఓనర్ అని ఎందుకనుకున్నవు?"

"తాళాల గుత్తి ఆయన దగ్గరే ఉంది మేడం."

"ఇంకా?"

"మోటరు ఆయనే వేస్తాడు. గోడకు మేకు కొట్టొద్దంటాడు. చుట్టాలు ఎన్ని రోజులుంటారని అడుగుతాడు. రాత్రి తొమ్మిది దాటితే గేటు తీయనంటాడు. గట్ల అడిగేది ఓనరే గద మేడం."

అప్పటికి నవ్వుతున్నవాళ్లు ఆగిపోయారు. సగం మంది అద్దె ఇళ్ల పిల్లలే, హాస్టల్ పిల్లలే. మేడం తన కుర్చీలోంచి లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"విన్నరా? బంగళా వాళ్ల సొంతమైతే వాళ్లను గోడకు మేకు కొట్టొద్దనేటందుకు వాచ్‌మెన్ ఎవడు? సినిమా తీసినాయన నవలకెల్లి ఓనర్‌ను తీసేసిండు. ఓనర్ మాటలు మాత్రం తీసెయ్యలేకపోయిండు. వాచ్‌మెన్ నోట్ల పెట్టిండు. ఇల్లు మారింది గని ఓనర్ ఖాళీ చెయ్యలేదు." తర్వాత నా వైపు తిరిగి, "నీ తప్పే నీ ప్రాజెక్టు బిడ్డా. పోయి రాయి," అన్నారు.

నేను తప్పు చేసినప్పుడు ఎవరైనా నా పక్కన వచ్చి నిలబడటం బడిలో, కాలేజీలో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఉప్పల్ మెట్రో మెట్ల కింద బండి దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాం. మేడం ఎప్పుడూ ఒక్క బజ్జీ తీసుకుని రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క ఎదుటివాళ్లకు ఇచ్చేవారు. ఆ ముక్క చేతిలో పట్టుకుని నేను చెప్పాను. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా నాయిన దవాఖానాలో పోయాడని, మా ఓనర్ లోపలికి రానివ్వలేదని, నాయినను గేటు బయట టెంటు కింద పడుకోబెట్టామని, లోపల మా గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉండిందని. ఎవరో హడావుడిలో ఆపడం మరిచిపోయారు.

మేడం నన్ను ఓదార్చలేదు. "అది పేపర్ల రాయనక్కరలేదు. అది తెలిసిన మనిషి లెక్క రాయి," అన్నారు. ఈరోజుకీ నేను ఏది రాసినా ఆ మాటే గుర్తుపెట్టుకుంటాను.

వైవాకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పేజీలు తిప్పి, "దయ్యాల సినిమా మీద ప్రాజెక్టు ఏమిటమ్మా? ఇందులో సాహిత్యం ఎక్కడుంది?" అన్నారు. నా గైడ్ మేడమే, వైవాలో గైడ్ మాట్లాడకూడదు. అయినా మేడం టీ కప్పు ఆయన ముందుకు జరిపి, మర్యాదగా అడిగారు.

"సార్, మీరు హైదరాబాద్‌కొచ్చిన కొత్తల కిరాయికున్నరా?"

"ఉన్నానండీ. ఎందుకు?"

"ఓనర్ ఎట్లుండె?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పెళ్లి ఫోటోకి మేకు కొట్టనివ్వలేదు. రెండేళ్లు బీరువా మీద పెట్టుకున్నాం." అలా అనేశాక తనకే నవ్వు వచ్చింది. మళ్లీ మొదటి పేజీ తీసి, "చెప్పమ్మా, మొదట్నుంచి చెప్పు," అన్నారు. నేను చెప్పాను. నవలలో భయం గేటు బయట ఉంది, సినిమాలో ఇంటి లోపల ఉంది. బయట ఉన్నప్పుడు దానికి జాలి అని ఇంకో పేరు ఉంది. లోపలికి తెచ్చి పగ అని పేరు పెట్టాక దాన్ని తగలబెట్టడం తప్ప దారి లేదు. ఇల్లు లేనివాళ్ల కథను ఇల్లున్నవాళ్ల కథగా మార్చితే దయ్యం గుణం కూడా మారుతుంది. ఇదే నా ప్రాజెక్టు. దీంట్లో నా మాటలు ఎన్నో, మేడం అడిగిన ప్రశ్నలు ఎన్నో నేనిప్పటికీ విడదీయలేను.

ఉద్యోగం వచ్చాక అమ్మ, నేను లోను పెట్టి ఘట్‌కేసర్ దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నాం. రెండు గదులు, ముందు నాలుగడుగుల జాగా, ఒక ఇనుప గేటు. గృహప్రవేశానికి మేడం వచ్చారు. పాలు పొంగేటప్పుడు బియ్యం వేయమని అమ్మ మేడంనే పిలిచింది. నాయిన ఉంటే నాయిన చేసేవాడు. పోయేటప్పుడు మేడం గేటు దగ్గర ఆగి గొళ్లెం తీశారు, వేశారు, మళ్లీ తీశారు. తల పక్కకు వంచి విన్నారు. "మంచిగున్నది. దీనికి నూనె వెయ్యకు," అన్నారు. మేమిద్దరం నవ్వుకున్నాం. అమ్మకూ అర్థమైంది, కానీ నవ్వలేదు.

ఇక ఆ రోజు.

ఓనర్ ఫోన్‌లో ఆగిపోయారు కదా. ఆయనే మళ్లీ అందుకున్నారు. "మేడం దేవతమ్మా. ఇన్నేండ్లల్ల ఒక్క మాట లేదు. గని పైన బాలింత ఉన్నది, పసిపిల్ల. మా ఇంటామె ఒప్పుకుంటలేదు. గేటు ముంగట టెంట్ నేనే ఏపిస్త. ఏమనుకోకు." ఆయన గొంతులో ఏడుపు ఉంది. చెడ్డ మనిషి కాదు. పొద్దున్నుంచి దవాఖానాలో నిలబడిన మనిషి ఆయనే. ఇల్లు నవలలోని ఓనర్ కూడా చెడ్డవాడు కాడు, అది నేను నా ప్రాజెక్టులో రాశాను. అయినా ఆ క్షణం టెంటు అన్న మాట వినగానే నాకు ఫ్యాను చప్పుడు వినిపించింది.

మేడం తమ్ముడికి ఫోన్ చేశాను. ఆయన దారిలో ఉన్నారు. "ఊరికి తీసుకపోవుడు కుదరదమ్మా, అక్క తన దహనం ఈడనే కానియ్యుమని ఎప్పుడో చెప్పింది. నేరుగా శ్మశానానికే పోదామా మరి?" అన్నారు. ఆయనకు వేరే దారి కనిపించలేదు.

అమ్మకు చేశాను. కంపెనీలో ఫోన్ తీయనివ్వరు. అయినా అమ్మ తీసింది. విషయం విని, "మనింటికి తీసుకరా," అంది. "నేను పర్మిషన్ పెట్టి పోతున్న. చాప ఏసి ఉంచుత."

"అమ్మా, ఇంకా ఏడాది కాలే."

"తెలుసు. తీసుకరా."

ఇల్లు కట్టి ఏడాది తిరగకముందు బయటి శవాన్ని లోపలికి తెస్తే ఎంత కీడంటారో మా వాళ్లలో అందరికీ తెలుసు. సొంత చుట్టాలనే తేరు. నేను దవాఖానా వ్యాన్‌లో మేడం పక్కన కూర్చుని వరంగల్ రోడ్డు మీద పోతున్నంతసేపూ వాకిట్లో ఎవరు అడ్డం నిలబడతారోనని బుగులు పడుతూనే ఉన్నాను. వ్యాన్ మా సందులోకి తిరిగేసరికి పక్కింటి అత్త నిజంగానే గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏంది వదినా, నీ బిడ్డ పెండ్లి గూడ కాలే. మీకేం కావాలె ఆమె? గిట్ల ఎవరన్న చేస్తరా?" అంటోంది అమ్మతో.

అమ్మ ఫ్యాక్టరీ నీలం కోటు కూడా విప్పలేదు. "ఈ ఇంట్ల పాలల్ల బియ్యం పోసింది ఆమెనే వదినా. ఆమెకు లేని ఇల్లు మాకెందుకు?" అంది. గొంతు పెంచలేదు. తర్వాత గేటు రెండు రెక్కలూ గోడకు ఆనేదాకా తెరిచి, వ్యాన్ వైపు తిరిగి, "రామ్మా, లోపలికి రా," అంది.

నవల చదివి వినిపించింది నేను. ఆ మాట నోటితో అన్నది అమ్మ.

పక్కింటి అత్త తన ఇంట్లోకి పోయి బిందె నీళ్లు తెచ్చి వాకిట్లో పెట్టింది.

మేడం మా ముందు గదిలో, ఫ్యాను కింద, అమ్మ పరిచిన కొత్త చాప మీద పడుకున్నారు. కాలేజీ పిల్లలు వచ్చారు, ఎన్నో బ్యాచుల వాళ్లు. గదిలో పట్టక సందంతా నిలబడ్డారు. మధ్యాహ్నానికి మేడం తమ్ముడు వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి, ఇల్లంతా ఒకసారి చూశారు. "అక్క ఇల్లు కట్టుకున్నదా అని ఊర్ల అడుగుతుంటరు," అన్నారు నాతో. "ఇక చెప్తనమ్మా." ఆ ఓనర్ కూడా వచ్చారు. పూలదండ వేసి, గోడ పక్కన నేల మీద కూర్చుని, మేడంను తీసుకుపోయేదాకా లేవలేదు.

మేడం ఒక్క ఇల్లూ కట్టలేదు, ఒక్క పుస్తకమూ అచ్చు వేయలేదు. కానీ ఆ రోజు ఆ సందులో నిలబడిన వాళ్లలో సగం మంది పాఠాలు చెప్పుకుని బతుకుతున్నారు. వాళ్ల క్లాసుల్లో ఎవరైనా పిల్ల తప్పు చెబితే, ఎందుకనుకున్నావు అని అడుగుతారు. ఆమె నా గురువని చెప్పుకోవడం కంటే గొప్ప నాకు వేరే లేదు.

అంతా అయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయి, ఇల్లు కడిగి, దీపం పెట్టేసరికి సాయంత్రమైంది. అమ్మ గేటు వేయడానికి పోయింది. ఒక రెక్క దగ్గరికి లాగి ఆగిపోయింది. రోడ్డు మీదికి కాసేపు చూసి, గొళ్లెం పెట్టకుండానే వచ్చి చాప మీద నా పక్కన కూర్చుంది. చీకటి పడుతుండగా గాలి వీచిందో ఏమో, ఇనుప గొళ్లెం ఒకసారి మోగింది. మేమిద్దరం లేవలేదు. అమ్మ కొద్దిగా పక్కకు జరిగి చాప మీద చోటు చేసింది.